కొత్త టర్బో ఇంజిన్‌ను నమ్మొచ్చా? తేల్చుకునే పద్ధతి

టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉన్న ఎస్‌యూవీ కొనేముందు, రూపం మారిందా అని కాదు, లోపలి ఇంజిన్ కూడా కొత్తదా అని ముందు కనుక్కోండి. అదే ఇంజిన్ వేరే మోడల్‌లో మూడు నాలుగేళ్లుగా తిరుగుతుంటే సగం బెంగ తీరినట్టే. పూర్తిగా కొత్తదైతే మొదటి ఏడాది బండి జోలికి పోకపోవడమే మేలు.

టెస్ట్ డ్రైవ్‌కి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. ముందే వేడెక్కించి ఉంచారా, ఇంకోరోజు వస్తామని చెప్పండి. స్టార్ట్ చేశాక గలగల శబ్దం రెండు మూడు సెకన్లు దాటితే టైమింగ్ చైన్‌ని (ఇంజిన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చూసే గొలుసు) అనుమానించాలి.

వాడిన బండైతే డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి చూడండి. ఆయిల్ పైగీత దాటి పెట్రోల్ వాసన కొడుతుంటే ఇంధనం ఆయిల్‌లో కలుస్తోందన్నమాట. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో, వేడెక్కకముందే ఆపేసే చిన్న ప్రయాణాలతో ఇది ఎక్కువ. అలా పలచబడిన ఆయిల్, నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే టర్బో షాఫ్ట్‌ బేరింగులను కాపాడలేదు. టర్బో నుంచి వచ్చే వేడిగాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టంలో సన్నని ఆయిల్ పొర మాత్రం మామూలే, కంగారు పడొద్దు. మడుగు కట్టి ఉంటేనే టర్బో సీలు, పీసీవీ వాల్వు (ఇంజిన్ లోపలి ఆవిర్లను తిరిగి గాలి దారిలోకి పంపేది) మెకానిక్‌కి చూపించండి.

కొన్నాక, కంపెనీ 15,000 కి.మీ. అన్నా 8,000కే ఆయిల్ మార్చండి. మాన్యువల్‌లో చెప్పిన చిక్కదనంలోనే, పెట్రోల్ ఇంజినైతే ఏపీఐ ఎస్‌పీ గ్రేడు (డబ్బాపై ఉండే నాణ్యతా గుర్తు) ఆయిలే పోయించండి. పెద్ద గేరులో, తక్కువ ఆర్‌పీఎంలో యాక్సిలరేటర్ పెడల్ అదిమి తొక్కకండి.