కళాశాల పూర్వ సభ్యులకు స్మృతి వ్యాసం రాయడం ఎలా?

ఆక్స్‌ఫర్డ్‌లోని అనేక కళాశాలల వార్షిక సంచికల్లో, కన్నుమూసిన పూర్వ సభ్యుల స్మృతి వ్యాసాలు ఉంటాయి. అలాంటిది రాయదలచినవారు ముందుగా పేరు, కళాశాలలో చేరిన సంవత్సరం, జనన మరణ తేదీలను కుటుంబంతోనూ కళాశాల దస్త్రాలతోనూ సరిచూసుకోవాలి. సమకాలికులు గుర్తుపట్టేది ముఖ్యంగా చేరిన ఏడాదిని బట్టే.

పదవుల పట్టికతో ఆగిపోకూడదు. ఆల్ సోల్స్ కళాశాల సభ్యులైన సర్వేపల్లి రాధాకృష్ణన్ గురించి రాసేటప్పుడు, 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉండి, 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రం బోధించే స్పాల్డింగ్ ఆచార్య పదవి చేపట్టారని చెప్పడం అవసరమే కానీ, ఆయన పాఠం విన్నవారి జ్ఞాపకం ఒక్కటైనా లేకపోతే ఆ వ్యాసంలో మనిషి కనిపించరు. బంధువులను ‘ఆయన ఎలాంటివారు?’ అని అడిగితే పొగడ్తలే వస్తాయి. ‘ఉత్తరాలు ఎవరికి రాసేవారు, సాయంత్రాలు ఎక్కడ కూర్చునేవారు?’ అని ఓపికగా అడగాలి. మరణకారణాన్ని కుటుంబం అనుమతిస్తేనే రాయాలి; అచ్చుకు ముందు ప్రతిని వారికి తప్పక చూపించాలి.