హార్ప్ కళాకారులుగా నిలదొక్కుకోవాలంటే ఛాంబర్ సంగీతంతో మొదలుపెట్టండి

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో వేళ్లతో మీటుతూ, పాదాలతో పెడళ్లు తొక్కి వాయించే పెద్ద తంత్రీవాద్యమైన పెడల్ హార్ప్‌ను వృత్తిగా ఎంచుకోదలచినవారు ముందుగా ఒక వాస్తవాన్ని గ్రహించాలి. పెద్ద ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించేవారు ముప్పై మంది దాకా ఉంటారు గాని, హార్ప్‌కు సాధారణంగా ఒకే స్థానం ఉంటుంది. అది ఏళ్ల తరబడి ఖాళీ కాకపోవచ్చు. అందువల్ల ఆడిషన్లకు సిద్ధమవుతూనే, కొద్దిమందితో కలిసి వాయించే ఛాంబర్ సంగీతాన్ని వృత్తికి పునాదిగా వేసుకోవాలని నా దృఢమైన అభిప్రాయం.

సాధన పెడళ్ల దగ్గర మొదలవుతుంది. ఈ వాద్యానికి 47 తీగలు, స్వరానికొకటి చొప్పున ఏడు పెడళ్లు ఉంటాయి. 1810లో వాద్య తయారీదారు సెబాస్టియన్ ఎరార్ పేటెంటు పొందిన ఏర్పాటు ప్రకారం పెడల్ పై గాడిలో ఉంటే ఆ స్వరం ఫ్లాట్ (అర స్వరం తగ్గు), నడిమి గాడిలో నేచురల్ (మామూలు స్థాయి), కింది గాడిలో షార్ప్ (అర స్వరం హెచ్చు) అవుతుంది. మేళకర్తకు స్వరస్థానాలు నిర్ణయించుకున్నట్టే ఇక్కడా నిర్ణయించుకోవాలి, కాకపోతే రచన నడుస్తుండగానే అవి మారుతూ ఉంటాయి. కనుక కొత్త రచన చేతికి రాగానే, తీగలు ముట్టకముందే పెన్సిల్ తీసుకుని, డి, సి, బి స్వరాల పెడళ్లు ఎడమ పాదానికి, ఇ, ఎఫ్, జి, ఎ పెడళ్లు కుడి పాదానికి వస్తాయన్నది దృష్టిలో పెట్టుకుని, ఏ పాదానికి ఎక్కడ తీరిక దొరుకుతుందో చూసి ప్రతి మార్పునూ గుర్తు పెట్టుకోవాలి. తీగ ఇంకా మోగుతుండగా పెడల్ కదిపితే గరగరమనే రొద పుడుతుంది. మంద్రస్థాయి లోహపు తీగల మీద అది మరీ స్పష్టంగా వినిపిస్తుంది.

తరువాత ఫ్లూట్, వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దదై, మంద్రంగా పలికే వాద్యం) కళాకారులను వెతుక్కోవాలి. ఫ్రెంచ్ స్వరకర్త డెబ్యుసీ 1915లో హార్ప్‌తో కలిపి ఈ మూడింటికీ సొనాటా (పలు భాగాల వాద్య రచన) రాశారు. మొదట ఓబో అనే ఊదే వాద్యాన్ని అనుకుని, ఆ స్థానంలో వయోలాను తెచ్చారు. ఆంగ్ల స్వరకర్త బ్యాక్స్ 1916లో, జపాన్ స్వరకర్త తకెమిత్సు 1992లో ఇదే కూర్పుకు రాశారు గనుక ముగ్గురితోనే నిండు కచేరీ చేయవచ్చు. ఇందులో అసలు కష్టం కలిసి మొదలుపెట్టడంలో ఉంది. హార్ప్ తీగ మీటిన క్షణంలోనే పలుకుతుంది, ఫ్లూట్ నాదం మాత్రం ఊపిరితో మెల్లగా విచ్చుకుంటుంది. అందుచేత ఫ్లూట్ కళాకారులు గాలి పీల్చుకునే చప్పుడును చెవితో పట్టుకుని, వారితోపాటే ఊపిరి తీసుకుని మీటడం అలవరచుకోవాలి. మీటిన తీగ తనంతట తాను ఆగదు. వయోలాకు విరామం వచ్చినచోట హార్ప్ ఇంకా మోగుతూ ఉంటే ఆ నిశ్శబ్దం చెడిపోతుంది కాబట్టి, ఎక్కడ అరచేతితో తీగలను అణచాలో కూడా ముగ్గురూ కూర్చుని తేల్చుకోవాలి.

కచేరీ రోజున కనీసం రెండు గంటలు ముందుగా సభాస్థలికి చేరుకోవాలి. నడిమి స్థాయిలోని, జంతువుల పేగులతో చేసిన తీగలు గాలిలోని తేమకు, వేడికి శ్రుతి తప్పుతాయి. ఒకసారి శ్రుతి చేసి, వాద్యాన్ని వేదిక మీదే కొంతసేపు ఉంచి, మళ్లీ శ్రుతి చేయాలి. అదనపు తీగలు, శ్రుతి చేసే తాళంచెవి సంచిలో తప్పక ఉండాలి. సుమారు నలభై కిలోల బరువున్న వాద్యాన్ని మోసుకెళ్లే ఖర్చు చిన్నది కాదు గనుక, పారితోషికంతోపాటు రవాణా ఖర్చును కూడా నిర్వాహకులతో ముందే కాగితం మీద రాయించుకోవాలి.