సైన్స్ ఫెయిర్‌కు సొంత ప్రాజెక్టు ఎంచుకోవడం ఎలా?

సైన్స్ ఫెయిర్ తేదీ చెప్పగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. యూట్యూబ్‌లో వెతుకుతారు, థర్మాకోల్ షీట్లు తెస్తారు, రెండు రోజుల్లో అగ్నిపర్వతమో ఆటోమేటిక్ వీధిదీపమో తయారవుతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ వంటసోడాలో వెనిగర్ పోస్తే పొంగుతుందని చేసేవాళ్లకూ తెలుసు, చూసేవాళ్లకూ తెలుసు. సొంత ప్రాజెక్టంటే లోకంలో ఎవరూ చేయనిదే కానక్కర్లేదు. జవాబు ముందే తెలియని చిన్న ప్రశ్న పట్టుకుని, మీరే కొలిచి తేల్చుకుంటే చాలు. ఆరో తరగతి పిల్లలు కూడా చేయగలిగిన పనే ఇది.

ఏ పోటీయో ముందు చూసుకోండి

అన్ని పోటీలూ ఒకటే అడగవు. కేంద్ర ప్రభుత్వం విద్యార్థులకు పెట్టే ఇన్‌స్పైర్ మనక్ పోటీలో రోజువారీ ఇబ్బందికి కొత్త పరిష్కారం కావాలి. ఐడియా ఎంపికైతే నమూనా తయారీకి విద్యార్థి బ్యాంకు ఖాతాలో 10,000 రూపాయలు వేస్తారు. జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ 10 నుంచి 17 ఏళ్ల వాళ్లది. అక్కడ మోడల్ కంటే మీ ఊళ్లో మీరు చేసిన పరిశీలనకే విలువ. బాల వైజ్ఞానిక ప్రదర్శనకైతే ఎన్‌సీఈఆర్‌టీ ఇచ్చిన అంశాల్లోంచే ఎంచుకోవాలి. స్కూల్లో జరిగే ఫెయిర్‌కు మాత్రం మీ ఇష్టం.

ఒక వారం పాటు ప్రశ్నలు రాసుకోండి

ఫోన్ పక్కన పెట్టి ఒక నోట్‌బుక్ తీసుకోండి. ఇంట్లో, పొలంలో, షాపులో పెద్దవాళ్లు అనే మాటలు వినండి. "పాత కుండలో నీళ్లు చల్లబడవు." "చలికాలం ఇడ్లీ పిండి పులవదు, గిన్నెకు దుప్పటి చుట్టు." "తడిబట్టలో కడితే మల్లెపూలు రేపటిదాకా ఉంటాయి." వీటిలో ప్రతి మాట వెనకా ఒక ప్రశ్న ఉంది. నిజమేనా, నిజమైతే ఎంత తేడా, ఎందుకు?

ఇబ్బందుల్ని కూడా రాసుకోండి. ఆలేరు చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేసింది వాళ్లమ్మ కష్టం చూసే. చీర నేసే ముందు నూలును కొయ్యల చుట్టూ తిప్పి ఆసు పోయాలంటే చేతిని వేలసార్లు అటూ ఇటూ ఆడించాలి; ఆమె భుజాలు పడిపోయేవి. చదువు ఆరో తరగతితో ఆగిపోయినా ఆ పనిని యంత్రంతో చేయించి, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. మీ ఇంట్లో ఎవరికి ఏ పని చేసేటప్పుడు నడుమో చేతులో నొప్పి పుడుతున్నాయో గమనించండి. ఇన్‌స్పైర్‌కు ఐడియా కావాల్సినవాళ్లు మొదలుపెట్టాల్సింది ఇక్కడే.

ప్రశ్నను కొలవగలిగేలా మార్చండి

అసలు కష్టం ఇక్కడే, కాబట్టి ఒక ప్రశ్నను పూర్తిగా చూద్దాం. పాత కుండ సంగతే తీసుకోండి. కుండ గోడల్లోని సన్నని రంధ్రాల్లోంచి నీరు బయటికి చెమ్మగిల్లి ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి. ఆ వేడి లోపలి నీళ్ల నుంచే పోతే, లీటరు నీళ్లు ఒక డిగ్రీ చల్లబడడానికి రెండు గ్రాముల లోపు నీరు ఆవిరైనా చాలు. నీటిలోని లవణాలు ఆ రంధ్రాల్లో పేరుకుపోతే ఆవిరి తగ్గుతుంది, చల్లదనమూ తగ్గుతుంది. ఇంతవరకు పుస్తకాల్లో ఉన్నదే. "కుండ నీళ్లను ఎలా చల్లబరుస్తుంది?" అని చార్టు రాస్తే అది పాఠమే అవుతుంది.

ఇప్పుడు ఇలా అడగండి: బోరు నీళ్లు పోసి పోసి తెల్లగా పొరకట్టిన కుండను చింతపండు పులుసుతో నానబెట్టి తోమితే మళ్లీ చల్లబరుస్తుందా? చింతపండులో ఆమ్లం ఉంది, సున్నపు పొరను కరిగించగలదు. కానీ కుండ గోడ లోపలికి దిగి పనిచేస్తుందా, ఎంతసేపు నానబెట్టాలి? మీరు కొలిస్తేనే తెలుస్తుంది.

ఒకే రకం పాత కుండలు రెండు తీసుకోండి. రెండింటినీ ఒకేచోట పెట్టి, ఒకే కొలత నీళ్లు పోసి, మూతలు పెట్టండి. కుండను నీళ్లతో సహా ఉదయం వంటింటి డిజిటల్ కాటా మీద తూచండి, సాయంత్రం మళ్లీ తూచండి. తగ్గిన బరువే ఆవిరైన నీరు. అడుగున కారిన నీరు ఉంటే దాన్ని విడిగా లెక్కేయాలి. నీటి ఉష్ణోగ్రతతో పాటు గది ఉష్ణోగ్రత కూడా రాసుకోండి. కొన్నాళ్లు అలా చూశాక ఒక్క కుండనే పులుసుతో తోమి బాగా కడిగి, మళ్లీ అదే కొలత మొదలుపెట్టండి. రెండో కుండను ముట్టుకోవద్దు. ఎండ పెరిగినా గాలి మారినా ఆ ప్రభావం రెండింటి మీదా పడుతుంది కాబట్టి, తేడా చింతపండు వల్ల వచ్చిందో వాతావరణం వల్ల వచ్చిందో ఆ రెండో కుండే చెబుతుంది.

పాత ప్రాజెక్టునూ ఇలాగే సొంతం చేసుకోవచ్చు. మునగ గింజల పొడితో బురద నీరు తేటపడుతుందని అందరూ చూపిస్తారు. మీ ఊరి చెరువు నీటికి లీటరుకు ఎంత పొడి చాలు, ఏడాది నిల్వ ఉన్న గింజలు కొత్తవాటిలా పనిచేస్తాయా అని మీరు అడగండి. తేటపడినంత మాత్రాన తాగొద్దు.

మన వల్ల అవుతుందా?

ప్రశ్న నచ్చాక నాలుగు విషయాలు సరిచూసుకోండి. కొలిచే పరికరం చేతిలో ఉందా? చిన్న కాటా ఐదు కిలోల వరకే తూస్తే కుండ కూడా చిన్నదే కావాలి. ప్రతి కొలతనూ కనీసం మూడుసార్లు చేసేంత టైమ్ ఉందా? కాలం అనుకూలమా? ముసురు రోజుల్లో గాలిలో తేమ ఎక్కువ, కుండ ప్రయోగంలో తేడా సరిగా కనిపించదు. నాలుగోది, ప్రమాదం లేదు కదా? ఇంటి కరెంటు లైన్‌తో ప్రయోగాలు వద్దు, ఇంట్లో బూజు, బ్యాక్టీరియా పెంచడం వద్దు, జంతువుల్ని బాధపెట్టేవి అసలే వద్దు.

తల్లిదండ్రులకు ఒక మాట. సామాను తెచ్చివ్వండి, బరువైనవి పట్టుకోండి, కానీ అంకెలు పిల్లల చేతిరాతలోనే ఉండనివ్వండి. కొట్టివేతలున్నా ఫర్వాలేదు. జడ్జిలు "రెండో కుండ ఎందుకు పెట్టావు?" అని అడిగినప్పుడు, రోజూ తూచిన పిల్లకు జవాబు వెతుక్కోనక్కర్లేదు.

పేరు ఇచ్చే ముందు ఒకసారి చేసి చూడండి

ఒక్కరోజు ట్రయల్ వేయండి. కాటాలో అంకె కదులుతోందా, థర్మామీటరు తేడా చూపిస్తోందా అన్నది అప్పుడే తేలిపోతుంది. ఆ తర్వాత ఒకే పేజీలో మీ ప్రశ్న, మీరు మార్చేది, కొలిచేది, మార్చకుండా ఉంచేవి రాసి సైన్స్ టీచర్‌కు చూపించండి. చింతపండు పనిచేయలేదని తేలినా అది ఫలితమే, అంకెలతో సహా ధైర్యంగా పెట్టండి. కానీ ట్రయల్‌లో అసలు ఏదీ కొలవలేకపోతే ఆ ప్రశ్నను వదిలేసి, నోట్‌బుక్‌లోని తర్వాతి ప్రశ్న తీసుకోండి.