విండోస్ ఎప్పుడు వేశారు, ఎన్నాళ్లుగా ఆగకుండా నడుస్తోంది: కచ్చితంగా తెలుసుకోవడం ఎలా?

కంప్యూటర్ నెమ్మదించిందని ఫార్మాట్ కొట్టించే ముందు రెండు సంగతులు చూడాలి. విండోస్ వేసి ఎన్నాళ్లయింది? ఆఖరుసారి నిజంగా రీస్టార్ట్ అయి ఎన్నాళ్లయింది? చూడటానికి అర నిమిషం చాలు. చిక్కంతా ఆ అంకెల్ని అర్థం చేసుకోవడంలోనే ఉంది. కింద చెప్పేది విండోస్ 10, 11 గురించి. కమాండ్లను ఇక్కడ తెలుగులో రాసినా, టైప్ చేయాల్సింది ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే.

ఇన్‌స్టాల్ తేదీ

సెట్టింగ్స్ తెరిచి సిస్టమ్, అందులో అడుగున ఉన్న అబౌట్ నొక్కండి. విండోస్ స్పెసిఫికేషన్స్ కింద ‘ఇన్‌స్టాల్డ్ ఆన్’ అని తేదీ ఉంటుంది. గంట, నిమిషంతో సహా కావాలంటే విండోస్ కీతో పాటు ఆర్ నొక్కి, సీఎండీ అని కొట్టి, వచ్చిన నల్ల తెరలో ‘సిస్టమ్‌ఇన్ఫో’ అని మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ‘ఒరిజినల్ ఇన్‌స్టాల్ డేట్’ అనే వరుస చూడండి. రీజియన్ అమెరికా అని ఉంటే నెల ముందు వస్తుంది. 7/4 అంటే ఏప్రిల్ 7 కాదు, జూలై 4.

పేరులో ‘ఒరిజినల్’ ఉంది గానీ అది మొదటిసారి వేసిన తేదీయే కానక్కర్లేదు. పెద్ద వెర్షన్ అప్‌డేట్ వచ్చినప్పుడు విండోస్ తనను తాను పాతదాని మీద మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకుంటుంది, తేదీ కూడా మారిపోతుంది. నాలుగేళ్ల లాప్‌టాప్ నిరుడు వేసినట్టు కనబడేది అందుకే.

పాత తేదీ రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే చోట దొరుకుతుంది. విండోస్ కీ, ఆర్ నొక్కి ‘రెగ్‌ఎడిట్’ కొట్టండి. హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, సెటప్ వరుసగా తెరవండి. అక్కడ ‘సోర్స్ ఓఎస్, అప్‌డేటెడ్ ఆన్’ అంటూ తేదీలున్న ఫోల్డర్లు అప్‌గ్రేడ్‌కి ఒకటి చొప్పున ఉంటాయి. అన్నిటికన్నా పాతదాంట్లో ఉన్న ‘ఇన్‌స్టాల్‌డేట్’ విలువే మనకు కావాల్సింది. అది 1970 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్లు. ఉదాహరణకు 1700000000 అంటే మన టైమ్ ప్రకారం 2023 నవంబర్ 15, తెల్లవారుజామున 3:43. చూడండి, దేన్నీ మార్చకండి. డిస్క్ తుడిచి కొత్తగా వేసి ఉంటే ఈ ఫోల్డర్లు ఉండవు.

సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొనేవాళ్లకు ఒక మాట: ఈ తేదీతో మెషీన్ వయసు చెప్పలేం. పాత డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నట్టుగా కొత్త ఎస్ఎస్‌డీకి (వేగంగా పనిచేసే కొత్త తరం డిస్క్) కాపీ చేస్తే, అంటే క్లోన్ చేస్తే పాత తేదీయే వెంట వస్తుంది. వయసు కావాలంటే సీరియల్ నంబరుతో కంపెనీ వారంటీ పేజీలో చూసుకోవాలి.

అప్ టైమ్

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్, సీపీయూ నొక్కితే కింద ‘అప్ టైమ్’ ఉంటుంది, అంటే ఆఖరుసారి పూర్తిగా మొదలైనప్పటి నుంచి నడుస్తున్న కాలం. 12:04:33:10 అంటే 12 రోజుల 4 గంటల 33 నిమిషాల 10 సెకన్లు.

‘రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తున్నానే, 12 రోజులేంటి?’ అనిపిస్తుంది. ఇది ఫాస్ట్ స్టార్టప్ పని. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ నొక్కితే మన ప్రోగ్రాములు మూసుకుపోతాయి గానీ కెర్నల్ (విండోస్ గుండెకాయ లాంటి భాగం), డ్రైవర్ల (వైఫై లాంటి పరికరాలను నడిపే ప్రోగ్రాములు) స్థితి డిస్క్‌లో భద్రంగా ఉండి పొద్దున అదే తిరిగి లేస్తుంది. అప్ టైమ్ లెక్క సున్నా కాదు, మొరాయిస్తున్న వైఫై డ్రైవర్ కూడా బాగుపడదు. రీస్టార్ట్ నొక్కితేనే పూర్తిగా కొత్తగా మొదలవుతుంది. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కినా సరే.

అనుమానం తీరాలంటే విండోస్‌లో జరిగినవి నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, సిస్టమ్ తెరిచి ‘కెర్నల్-బూట్’ అనే సోర్స్ నుంచి వచ్చిన 27వ నంబరు ఈవెంట్ చూడండి. బూట్ అంటే కంప్యూటర్ మొదలవడం. బూట్ టైప్‌లో చివరి అంకె 0 అయితే పూర్తి బూట్, 1 అయితే ఫాస్ట్ స్టార్టప్, 2 అయితే హైబర్నేషన్ (తెరిచి ఉన్నవన్నీ డిస్క్‌లో దాచి ఆగిపోవడం) నుంచి లేచినట్టు. 6008 నంబరు కనిపిస్తే అంతకుముందు సరిగా ఆగలేదని. మన దగ్గర చాలాసార్లు కరెంటు పోవడమే కారణం.

ఫాస్ట్ స్టార్టప్ వద్దనుకుంటే కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, ‘చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ’ తెరవండి. అక్కడ పైనున్న లింక్ నొక్కితేనే కింది గడులు మార్చడానికి వీలవుతుంది. వాటిలో ‘టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్’ గడిలో టిక్ తీసేయండి. ఆ గడి అసలు లేకపోతే హైబర్నేట్ ఆపేసి ఉందన్నమాట, ఫాస్ట్ స్టార్టప్ కూడా లేనట్టే. ఎస్ఎస్‌డీ ఉన్న మెషీన్‌లో దీన్ని ఆపితే బూట్‌కి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే.

విండోస్ 95, 98 కాలంలో ఈ లెక్కకే ప్రాణాపాయం ఉండేది. మిల్లీసెకన్లు లెక్కించే 32 బిట్ల కౌంటర్ 49.7 రోజులకు నిండిపోయి మెషీన్ బిగుసుకుపోయేది. అన్నాళ్లు ఆగకుండా నడిపిన వాళ్లు ఎందరున్నారో గానీ!

విండోస్ బదులు వాడే లినక్స్‌లో ఇంత తిరకాసు లేదు. టెర్మినల్‌లో ‘అప్‌టైమ్’ అని కొడితే చాలు. ఖాళీ వదిలి హైఫన్ ఎస్ చేరిస్తే బూట్ అయిన తేదీ, సమయం నేరుగా చెబుతుంది. ఇన్‌స్టాల్ తేదీ కావాలంటే ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ రకాలలో వార్, లాగ్ ఫోల్డర్ల లోపల ‘ఇన్‌స్టాలర్’ ఫోల్డర్ తేదీ చూడండి. వెర్షన్ అప్‌గ్రేడ్ చేసినా సాధారణంగా అది మారదు.

ఏ సిస్టమ్‌లోనైనా తేదీ మరీ పాతగా, అసంభవంగా కనిపిస్తే మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ అయిపోయిందేమో చూడండి. డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా సీఆర్ 2032 వాడతారు. అది చచ్చాక గడియారం వెనక్కి పోయిన సమయంలో ఓఎస్ (విండోస్, లినక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) వేస్తే ఆ తప్పు తేదీయే నమోదవుతుంది, తర్వాత బ్యాటరీ మార్చినా దిద్దుకోదు.