నటన కలపగానే గొంతు బిగుస్తోందా?

నిలబడి పాడితే పాట హాయిగా సాగుతుంది. అదే పాటకి నడక, చేతులు, భావం కలపమనగానే పై స్వరాలు బిగుస్తాయి, శ్రుతి జారుతుంది, ఊపిరి చాలదు. చాలామంది టీచర్లు వెంటనే నటన మాన్పించేస్తారు. మాన్పించకండి.

ముందు మోకాళ్లు చూడండి. అవి వెనక్కి బిగిసి ఉంటే నడుము, పొట్ట కూడా బిగుస్తాయి, శ్వాస పైపైనే ఆగిపోతుంది. మోకాళ్లు సడలించి, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుస్తూ పాడించండి. చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. అయినా ఈ ఒక్కటీ చూడకుండా నెలల తరబడి స్వరసాధన చేయిస్తుంటారు, అదే బాధ.

మోకాళ్లు బాగానే ఉన్నా బిగుస్తుంటే మెడని అనుమానించండి. ఎదుటి పాత్రకి ఏదో చెప్పాలన్న ఆత్రంలో గడ్డం ముందుకి వస్తుంది, తల వెనక్కి వాలుతుంది. మనమేమో పై స్వరం దగ్గర తప్పు వెతుకుతాం. అది జరిగేది అంతకుముందే, ఊపిరి తీసుకునేటప్పుడు. 1869లో పుట్టిన ఆస్ట్రేలియా నటుడు ఎఫ్.ఎం. అలెగ్జాండర్ వేదిక మీద గొంతు బొంగురుపోతుంటే అద్దాల ముందు నిలబడి తనని తాను గమనించుకున్నాడు. పద్యం ఎత్తుకోగానే తల వెనక్కి లాగుతున్నాడు, నోటితో చప్పుడయ్యేలా గాలి పీలుస్తున్నాడు. మీ విద్యార్థిని పక్కనుంచి వీడియో తీయండి. చరణానికి ముందు "హుఁ" అని గాలి పీల్చిన చప్పుడు వినిపిస్తే అక్కడ ఆపి మెడ చూడండి.

"తల నిటారుగా పెట్టు" అని మాత్రం అనకండి, మెడ ఇంకా బిగుస్తుంది. అరచెయ్యి తన మెడ వెనక తేలిగ్గా ఆనించుకుని, ఆ పంక్తిని ఎదుటివాళ్లకి మామూలు మాటలా చెప్పమనండి. తర్వాత కింది శ్రుతిలో, ఆపైన అసలు శ్రుతిలో పాడమనండి. ఎటైనా తిరిగేటప్పుడు ముందు చూపు మళ్లాలి, దాని వెనక తల. చెయ్యి ఊపిరితో పాటే కదలాలి. ఊపిరి బిగబట్టి చెయ్యి ఎత్తితే మళ్లీ మొదటికే వస్తుంది.

దుఃఖం పాడేటప్పుడు గొంతులో ముద్ద అడ్డుపడినట్టుంటే, "బాధపడు" అనడం మానేసి "ఆపు", "బతిమాలు", "ఒప్పించు" లాంటి, ఎదుటి పాత్రతో చేయాల్సిన పని ఒకటి ఇవ్వండి.

చెప్పులు, జారే నేల లాంటి కారణాలు అరుదు. ఒకసారి చూసి వదిలేయండి. మామూలుగా మాట్లాడినా బొంగురుగానే ఉండి, మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి.