మాంసాహారం తప్పా ఒప్పా అని ఆన్‌లైన్‌లో వాదించదలచుకుంటే

మాంసం తినడం న్యాయమా అన్న చర్చ ఆన్‌లైన్‌లో మొదలైతే, పది జవాబులు తిరగకముందే దారి తప్పుతుంది. ఒకరు జంతువును చంపడం పాపమంటారు, రెండోవారు మాంసంలో ఉన్న పోషకాల గురించి రాస్తారు, మూడోవారు వాతావరణం వేడెక్కుతోందని లింకు పెడతారు, నాలుగోవారు మొక్కలకు మాత్రం ప్రాణం లేదా అని అడిగి, గెలిచామనుకుని వెళ్లిపోతారు. పైకి చూస్తే ఈ నలుగురూ ఒకరి మాటకు ఒకరు బదులిస్తున్నట్టే ఉంటుంది గానీ, నిజానికి ఎవరి ప్రశ్న వారిది, ఎవరి జవాబు వారిది. అందువల్ల ఈ వాదనలోకి దిగేవారికి ముందుగా కావలసింది మాటల పదును కాదు, ప్రశ్నలను విడదీసుకునే ఓపిక.

ముందు ఏ ప్రశ్నో తేల్చుకోండి

ఇందులో కనీసం నాలుగు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. జంతువు ప్రాణం తీయడమే తప్పా? ప్రాణం తీసే సంగతి అటుంచి, బతికున్నన్నాళ్లూ దాన్ని ఉంచే తీరు తప్పా? పశుపోషణ వల్ల నేలకూ నీటికీ వాతావరణానికీ జరిగే నష్టం సమర్థించదగినదేనా? మాంసం లేకుండా మనిషి ఆరోగ్యంగా ఉండగలడా? నాలుగోది నిజానికి నీతికి సంబంధించిన ప్రశ్న కాదు, కానీ మిగతా మూడూ దాని మీద ఆధారపడతాయి, ఎందుకంటే బతకడానికి తప్పనిసరైన పనిని ఎవరూ తప్పుపట్టలేరు. దీని మీద ఎక్కువ కాలం గడపవలసిన పని లేదు. తగిన ప్రణాళికతో శాకాహారం పెద్దవారికి సరిపోతుందని అమెరికాలోని పోషకాహార నిపుణుల సంఘం చెప్పింది; ఆ ప్రణాళికలో భాగంగా, పాలూ గుడ్లూ కూడా తీసుకోని వీగన్లు బి12 విటమిన్‌ను విడిగా తీసుకోవలసిందే. ఈ రెండింటిలో ఒకటి చెప్పి రెండోది దాచేవారితో జాగ్రత్తగా ఉండండి.

ప్రశ్నలను ఎందుకు విడదీయాలో ఒక ఉదాహరణతో తెలుస్తుంది. వాతావరణం మీద బెంగతో పెద్ద పశువుల మాంసం మాని కోడి మాంసానికి మారినవారు, కిలోకు వెలువడే వాయువుల లెక్కలో మంచి పనే చేశారు. అయితే ఒక పెద్ద పశువు నుంచి వచ్చే మాంసానికి సరితూగాలంటే వందకు పైగా కోళ్లు కావాలి, ఆ కోళ్లలో అత్యధికం ఇరుకు షెడ్లలో ఆరు వారాలు పెరిగి చచ్చేవే. ప్రపంచంలో ఏటా ఆహారం కోసం చంపే నేల మీది జంతువులు 8,000 కోట్ల దాకా ఉన్నాయి, వాటిలో అత్యధిక భాగం కోళ్లు. అంటే మూడో ప్రశ్నకు మంచిదైన జవాబే రెండో ప్రశ్నకు చెడ్డదవుతోంది. ‘మాంసం మంచిదా చెడ్డదా’ అని మూటగట్టి అడిగేవారికి ఈ చిక్కు కనిపించదు.

ఎదుటివారు ఏ ప్రశ్న దగ్గర ఉన్నారో తెలుసుకోవడానికి ఒకే మాట అడగండి: ‘ఒక జంతువు హాయిగా బతికి, భయమూ నొప్పీ తెలియకుండా చనిపోతే, దాన్ని తినడానికి మీకు అభ్యంతరం ఉందా?’ ‘లేదు’ అని చెబితే వారి అభ్యంతరం బాధ గురించి. ఉందంటే ప్రాణం గురించి. మీరే మాంసాహారులైతే ఇదే ప్రశ్నను తిప్పి వేసుకోండి: ఈ పూట మీ పళ్లెంలోకి వచ్చిన జంతువు హాయిగా బతికిందని మీరు నమ్ముతున్నారా?

బాధ వేరు, ప్రాణం వేరు

బాధ వైపు నుంచి మాట్లాడేవారు తరచు 1789లో ఆంగ్ల తత్త్వవేత్త జెరెమీ బెంథామ్ రాసిన మాటను ఎత్తుకుంటారు. జంతువులు ఆలోచించగలవా, మాట్లాడగలవా అన్నది కాదు, అవి బాధపడగలవా అన్నదే ప్రశ్న అని ఆయన అన్నాడు. ఎత్తుకోదగిన మాటే. అయితే ఆ మాట ఉన్న అధోజ్ఞాపికలోనే (పేజీ కింది గమనికలోనే) బెంథామ్ జంతువులను తినడాన్ని సమర్థించాడనీ, మనిషి చేతిలో చావు ప్రకృతిలో వాటికి వచ్చే చావు కంటే త్వరగా, తక్కువ నొప్పితో ముగుస్తుందని వాదించాడనీ చెప్పేవారు అరుదు. ఆయన తప్పుపట్టింది హింసించడాన్ని, చంపడాన్ని కాదు. బెంథామ్‌ను వాడుకోదలిస్తే రెండు సగాలనూ చెప్పండి. లేకపోతే ఆ రెండో సగాన్ని ఎదుటివారు మీకు గుర్తు చేస్తారు.

ఈ దారినే 1975లో ఆస్ట్రేలియా తత్త్వవేత్త పీటర్ సింగర్ ముందుకు తీసుకెళ్లాడు. సమానమైన బాధకు సమానమైన విలువ ఇవ్వాలి, బాధపడేది ఏ జాతి అన్నది లెక్కలోకి రాకూడదు అన్నది ఆయన సూత్రం. ఇది పారిశ్రామిక పెంపకం మీద బలమైన దెబ్బ. కానీ సుఖంగా పెరిగి నొప్పి లేకుండా చచ్చే జంతువు విషయంలో ఈ సూత్రం తడబడుతుంది, ఆ ఇబ్బందిని సింగర్ స్వయంగా చర్చించాడు. అమెరికా తత్త్వవేత్త టామ్ రీగన్ 1983లో ఎంచుకున్న దారి వేరు: తన బతుకు తనకు ముఖ్యమైన ప్రాణికి హక్కు ఉంటుంది, ఎంత మేలు కలిగినా ఆ హక్కును దాటకూడదు అన్నాడు. ఇక్కడ తడబాటు మరోచోట వస్తుంది. రీగన్ తన వాదనను ముందుగా ఏడాది నిండిన క్షీరదాలకు వర్తింపజేశాడు. చేప దగ్గరికి, రొయ్య దగ్గరికి వచ్చేసరికి గీత ఎక్కడ గీయాలన్నది తేలని ప్రశ్న అవుతుంది. మీరు శాకాహారం వైపున ఉంటే ఈ ఇద్దరిలో ఎవరి తర్కంతో నడుస్తున్నారో ముందే నిర్ణయించుకోండి. ఒక జవాబులో సింగర్‌లా, తరువాతి జవాబులో రీగన్‌లా మాట్లాడితే పట్టుబడతారు.

మాంసాహారుల వైపు నుంచి దీనికి వచ్చే చక్కని జవాబు ‘మనం తినకపోతే అవి పుట్టేవే కావు’ అన్నది. 1896లో ఆంగ్ల రచయిత లెస్లీ స్టీఫెన్, పంది మాంసానికి గిరాకీ ఉండాలని అందరికంటే ఎక్కువ కోరుకోవలసింది పందేనని చమత్కరించాడు. జంతువుల హక్కుల కోసం రాసిన హెన్రీ సాల్ట్ దీన్ని ఉగ్రాణపు తర్కం (తిండి నిల్వచేసే గది తర్కం) అని ఎగతాళి చేస్తూ, ఇంకా లేని ప్రాణికి మేలు చేశామని చెప్పుకోవడం అర్థం లేని మాట అన్నాడు. నా దృష్టిలో సాల్ట్ జవాబు పూర్తిగా సరిపోదు, ఎందుకంటే మంచి బతుకు బతికిన జంతువు విషయంలో స్టీఫెన్ మాటకు కొంత బరువు ఉంది. అయితే ఆరు వారాల బ్రాయిలర్ కోడికి ఆ మాట వర్తించదు. బతుకే యాతన అయినప్పుడు పుట్టించడం ఉపకారం కాదు కదా. ఈ వాదన వాడదలచినవారు తాము కొనే మాంసం ఏ కోవలోదో చెప్పగలగాలి.

రెండు వైపులవారికీ ఎక్కువగా పొత్తు కుదిరేది పెంపకం తీరు దగ్గరే. బ్రిటన్‌లో పశువుల పెంపకాన్ని పరిశీలించడానికి ప్రభుత్వం వేసిన బ్రాంబెల్ సంఘం 1965లో మాంసాహారాన్ని తప్పనకుండానే, ప్రతి జంతువుకూ లేచి నిలబడే, పడుకునే, వెనక్కు తిరిగే, ఒళ్లు శుభ్రం చేసుకునే, కాళ్లు చాపుకునే స్వేచ్ఛ ఉండాలని చెప్పింది. యూరోపియన్ యూనియన్ 2012 నుంచి గుడ్లు పెట్టే కోళ్లను పాత తరహా ఇరుకు పంజరాల్లో ఉంచడాన్ని నిషేధించింది. వాదన ముదిరినప్పుడు ఈ పెంపకం తీరు దగ్గరికి వెనక్కు రండి.

‘అది ప్రకృతి సహజం’ అన్నప్పుడు

పులి జింకను తింటుంది కాబట్టి మనమూ తినవచ్చునన్న మాటకు కోపగించుకోవడం అనవసరం. అమెరికా నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో ఒక సంగతి చెప్పుకున్నాడు. యౌవనంలో మాంసం మానేసి, చేపలు పట్టడం కూడా నిష్కారణ హత్యే అని నమ్ముతున్న కాలంలో, ఓడ గాలి లేక నిలిచిపోయినప్పుడు తోటివారు చేపలు పట్టి వేయించసాగారు. కమ్మని వాసన వచ్చింది. సిద్ధాంతానికీ కోరికకూ మధ్య కాసేపు ఊగిసలాడి, కోసిన చేపల కడుపుల్లో చిన్న చేపలు ఉండడం గుర్తు తెచ్చుకుని, మీరు ఒకరినొకరు తింటుంటే మేము మిమ్మల్ని ఎందుకు తినకూడదు అనుకుని తృప్తిగా తిన్నాడు. బుద్ధిజీవిగా పుట్టడం ఎంత సౌకర్యమో, మనసైన ప్రతిదానికీ కారణం దొరుకుతుంది అని తన మీద తానే నవ్వుకున్నాడు. ఈ కథ చెప్పి ఊరుకోండి. ప్రకృతిలో జరిగే ప్రతిదీ మనకు నీతి కాదని ఉపన్యాసం ఇవ్వడం కంటే అది మేలు. అయితే ఇదే కొలత శాకాహారికీ వర్తిస్తుంది: మనిషి పళ్లు, పేగులు మాంసానికి తగినవి కావన్న వాదన కూడా ప్రకృతిని సాక్ష్యానికి పిలవడమే, అదీ చెల్లదు.

మొక్కలు, పొలాల్లో చచ్చే ఎలుకలు

మొక్కలకు ప్రాణం లేదా అని అడిగేవారిలో చాలామందికి మొక్కల మీద జాలి ఉండదు. అయినా జవాబు ఇవ్వండి, ఎందుకంటే చదివేవారిలో నిజంగా సందేహం ఉన్నవారు ఉంటారు. మొక్కలకు నాడీమండలం లేదు. ఒకవేళ వాటికీ బాధ ఉందనుకున్నా, మేత తిని పెరిగే జంతువును తినేవారు పరోక్షంగా ఇంకా ఎక్కువ మొక్కలను వాడుకుంటున్నట్టే.

పొలాల్లో చచ్చే చిన్న ప్రాణుల సంగతి ఇంతకంటే గట్టి వాదన. స్టీవెన్ డేవిస్ అనే పశుశాస్త్రవేత్త 2003లో, దున్నినప్పుడూ కోసినప్పుడూ ఎలుకల వంటి ప్రాణులు ఎన్నో చస్తాయనీ, అందువల్ల హెక్టారుకు లెక్క వేస్తే పచ్చిక మేసే పశువులను కొంత తినే ఆహారమే పూర్తి శాకాహారం కంటే తక్కువ ప్రాణాలు తీస్తుందనీ రాశాడు. అదే ఏడాది గావెరిక్ మాథెనీ అనే మరో పరిశోధకుడు అందులో పొరపాటు చూపించాడు: హెక్టారు పచ్చిక నుంచి వచ్చే ఆహారమూ, హెక్టారు పంట నుంచి వచ్చే ఆహారమూ సమానం కావు, పంట పొలం చాలా ఎక్కువమందిని పోషిస్తుంది, కాబట్టి లెక్క హెక్టారుకు కాదు, మనిషికి వేయాలి. అలా వేస్తే ఫలితం తిరగబడుతుంది. నాకు ఈ ఉదంతం ఇష్టం, ఎందుకంటే ఇందులో ఎవరూ ఎవరినీ తిట్టలేదు. ఒకరు కొత్త లెక్క తెచ్చారు, మరొకరు దాని భాజకం తప్పని చూపారు. ఇందులో శాకాహారులు మింగవలసిన చేదు కూడా ఒకటి ఉంది: తమ అన్నం కోసం ఏ ప్రాణీ చావడం లేదన్న మాట నిజం కాదు, తక్కువ చస్తున్నాయన్నదే నిజం.

అంకెలు పెట్టేటప్పుడు

అంకె పెట్టే ముందు అది దేనిని దేనితో భాగించి వచ్చిందో చూడండి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2006లో హరితగృహ వాయువుల్లో పశుపోషణ వాటా 18 శాతమనీ, అది రవాణా వాటా కంటే ఎక్కువనీ చెప్పింది. పశువుల విషయంలో మేత పండించడం దగ్గర నుంచి అంతా లెక్కలోకి తీసుకుని, వాహనాల విషయంలో కాల్చిన ఇంధనాన్ని మాత్రమే లెక్కించారన్న విమర్శ వచ్చింది, నివేదిక రాసినవారిలో ఒకరు అది సరైన విమర్శేనని ఒప్పుకున్నారు. ఆ సంస్థే 2013లో 14.5 శాతమని, 2023లో సుమారు 12 శాతమని చెప్పింది. మధ్యలో 2009లో వెలువడిన 51 శాతం లెక్కలో పశువులు వదిలే ఊపిరిని కూడా కలిపారు. మేతగా తిన్న మొక్కలు గాలిలోంచి తీసుకున్నదే ఆ ఊపిరిలో తిరిగి వస్తుంది కాబట్టి ఆ అంకెను వాడకపోవడమే మంచిది.

పరస్పరం కొట్టుకుంటున్నట్టు కనిపించే అంకెలు రెండూ నిజమై ఉండవచ్చు. వ్యవసాయ భూమిలో 83 శాతం జంతు సంబంధమైన ఆహారానికే పోతోందనీ, దాని నుంచి మనకు వచ్చేది 18 శాతం కేలరీలు, 37 శాతం ప్రోటీనేననీ 2018లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన చెప్పింది. పశువుల మేతలో 86 శాతం మనుషులు తినలేనిదని 2017లో మరో పరిశోధన చెప్పింది. మొదటిదాన్ని ఒక వైపు, రెండోదాన్ని మరో వైపు జెండాలా ఎగరేస్తుంటారు. ఆ భూమిలో చాలా భాగం పంటకు పనికిరాని పచ్చిక అన్నది నిజమే, మేతలో గడ్డి, పొట్టు, తవుడు ఎక్కువన్నది నిజమే, అయినా ప్రపంచపు ధాన్యంలో దాదాపు మూడో వంతు పశువులకే పోతుందన్నదీ నిజమే.

క్యాన్సర్ మాట వచ్చినప్పుడు తప్పు సాధారణంగా ఒకేచోట జరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో శుద్ధిచేసి నిల్వపెట్టిన మాంసాన్ని పొగాకు ఉన్న వర్గంలోనే చేర్చింది. ఆ వర్గీకరణ సాక్ష్యం ఎంత గట్టిదో చెబుతుంది, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందంటే, వందలో ఐదుగురికి వచ్చేచోట సుమారు ఆరుగురికి వస్తుందని అర్థం.

‘నేనొక్కడిని మానేస్తే ఏమవుతుంది’ అన్నదీ ఒక రకంగా అంకెల ప్రశ్నే. దుకాణం వందల లెక్కన కోళ్లను తెప్పిస్తుంటే నా ఒక్క కోడి వల్ల ఏ మార్పూ రాకపోవచ్చు, కానీ నూటికి ఒకసారి నా మానివేతే వంద కోళ్ల ఆర్డరును ఆపవచ్చు, కాబట్టి సగటున లెక్క ఒక కోడికే వస్తుందని సింగర్ వైపువారు అంటారు. సరఫరా గొలుసులో వృథా, నిల్వలు ఈ మార్పును మధ్యలోనే మింగేస్తాయని తత్త్వవేత్త మార్క్ బుడాల్ఫ్‌సన్ వంటివారు బదులిస్తారు. ఇది ఇంకా తెగని తగవు; తెగిపోయినట్టు రాయకండి.

మాట తీరు

హిట్లర్ శాకాహారి అని గుర్తు చేయడం వల్లా, మాంసాహారులను హంతకులనడం వల్లా ఏ వాదనా ముందుకు నడవదు. ‘మీరు తోలు చెప్పులు వేసుకోరా’ అన్నది మనిషి గురించిన ప్రశ్న, సూత్రం గురించినది కాదు. అయినా అడిగితే దాచకుండా చెప్పండి, వేసుకుంటే వేసుకుంటానని ఒప్పుకోండి, దానివల్ల మీ వాదన అబద్ధమైపోదు. రక్తసిక్తమైన చిత్రాలను హెచ్చరిక లేకుండా పెట్టకండి. జంతువధను మనుషుల మీద జరిగిన మారణకాండలతో, బానిసత్వంతో పోల్చే అలవాటును నేను పూర్తిగా మానుకోమంటాను, ఎందుకంటే అప్పటినుంచి చర్చ ఆ పోలిక చుట్టూ తిరుగుతుందే తప్ప జంతువుల దగ్గరికి తిరిగి రాదు. జబ్బు వల్లనో, దొరికే తిండి తక్కువ కావడం వల్లనో మాంసం మానలేనని ఎవరైనా చెబితే రుజువులు అడగకండి.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవారు రెండు వైపులా ఉంటారు. వారి మనసు మార్చడం మీ పని కాదు. పక్కన మౌనంగా చదువుతున్నవారికి అర్థమయ్యేలా రాయడమే మీ పని. జవాబు రాసే ముందు ఎదుటివారి వాదనను మీ మాటల్లో ఒకసారి చెప్పి, ‘మీరన్నది ఇదేనా’ అని అడగండి. అవునన్నాకే ఖండించండి. మీ అంకెలో తప్పు చూపితే పాత జవాబును తుడిచేయకుండా కిందనే సవరణ రాయండి. ఒకే మాట ఇరువైపులా మూడోసారి వచ్చిందంటే ఆగిపోయే వేళ అయిందని గుర్తు. అప్పుడు ఎక్కడ ఏకీభవిస్తున్నారో, ఏ ప్రశ్న దగ్గర విడిపోతున్నారో రెండు వాక్యాల్లో రాసి, ఆ తరువాత వచ్చే జవాబును చదవండి కానీ బదులివ్వకండి.