మగ్గం కంటే ఫోనే ఎక్కువ అలుపు

ఇంట్లో మగ్గం వర్కో, ఫాబ్రిక్ పెయింటింగో చేస్తూ అన్నీ ఒక్కరే చూసుకునేవాళ్లకి ఒక చిట్కా. చేతిపని అలుపు నిద్రపోతే పోతుంది. రాత్రి పదకొండింటికి “నాది అయ్యిందా అక్కా?”, “రేటు కొంచెం తగ్గించండి” అని వచ్చే మెసేజీల అలుపు మాత్రం పోదు.

వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే. అందులో బిజినెస్ టూల్స్‌లో ‘అవే మెసేజ్’ (Away message) ఉంటుంది, మనం పనిలో లేనప్పుడు దానంతటదే వెళ్లే జవాబన్నమాట. సాయంత్రం 7 నుంచి పొద్దున 10 దాకా షెడ్యూల్ పెట్టేయండి: “ఇవాళ్టికి పని కట్టేశానండీ, రేపు పది తర్వాత చెప్తాను.” ఫోన్‌లో నెట్ ఆన్‌లో ఉంటేనే అది వెళ్తుంది, కాబట్టి డేటా ఆపకుండా నోటిఫికేషన్లు మాత్రం మ్యూట్ చేయండి. రేట్లు, కొలతలు, అడ్వాన్స్ సంగతి ‘క్విక్ రిప్లై’లో దాచుకుంటే స్లాష్ కొట్టగానే వచ్చేస్తాయి.

అసలు నడుం విరిచేది శ్రావణం. వరలక్ష్మీ వ్రతం బ్లౌజులూ పెళ్లి బ్లౌజులూ ఒక్కసారే మీద పడతాయి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కదా, జర్దోసీ, పూసలు, దారాలు హైదరాబాద్ బేగంబజార్ నుంచి అప్పుడే ఒక్క విడతలో తెచ్చుకోండి. దారం అయిపోయిందని సీజన్ మధ్యలో ఆ ట్రాఫిక్‌లో పడితే పూట పోయినట్టే.

నెలకి ఎన్ని బ్లౌజులు చేయగలరో గోడమీద రాసుకోండి. ఆ అంకె నిండగానే ‘బుకింగ్ క్లోజ్’ అని స్టేటస్ పెట్టేయండి, అడిగింది మేనత్త కూతురైనా సరే. ఆవిడ ఎలాగూ డబ్బులివ్వదు.